తీసి చూసిన పిడికెడు

గుంటూరు మిర్చియార్డు గోడకి ఎదురుగా
కమీషన్ కొట్టు మీద మేడగది, అదే మా ఆఫీసు.
ఫిబ్రవరిలో అక్కడ కోడు రాయడమంటే
ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని రాయడం.
కీబోర్డు సందుల్లో కూడా గింజలు.

కింద యార్డులో మేం పెట్టిన చిన్న పెట్టె, దానికో కెమెరా.
టిక్కీ కుట్టు విప్పగానే ఫోటో తీసి
తేజానో, బాడిగో, తాలుకాయో చెప్పాలి.
దాని మెమొరీ పిసరంత.
బొమ్మలు విప్పే లైబ్రరీ మాత్రం పాతకాలపు షావుకారు.
"సరుకంతా ఒక్కసారే నా గుమ్మంలో దించు,
ఆ తర్వాత చూస్తా" అంటుంది.
పదకొండింటికి, పాట మంచి ఊపులో ఉండగా
పెట్టె ఊపిరాడక ఆగిపోయేది.
రైతులు తలెత్తి నా కిటికీ వంక చూసేవాళ్లు.

అందుకని ఆ లైబ్రరీకి పక్కగోడలో ఒక తలుపు కొట్టాను.
ఫైలు పేరడగకు, మొత్తం అడగకు.
ఆకలైనప్పుడు నన్ను పిలువు,
నాలుగు వేల బైట్లు అందిస్తా, లేకుంటే ఉన్నంత.
మా ఇద్దరికీ మూడే మాటల ఒప్పందం:
ఇవ్వు.
దాటెయ్యి.
అయిపోయిందా?

రెండు రోజుల పని అనుకున్నా.
మొదటి ఫోటోకే "ఇది బొమ్మే కాదు" అంది.
రెండోదానికీ అదే మాట.
మూడోది, దయతలచి, సగం తెరిచింది:
పైన ఎర్రటి కాయలు, కింద బూడిదరంగు గోడ.
తక్కువ అందితే అయిపోయిందనుకుంటోంది పిచ్చిది.
ఇంకా రాలేదు వేరు, ఇక రాదు వేరు.
ఆ తేడా దానికి నేర్పేసరికి తెల్లారింది.

ఆ బూడిద పోయింది గానీ
"బొమ్మే కాదు" అన్న మాట పోలేదు.
దాటెయ్యి అనాల్సిన చోట ఒక్కోసారి
మైనస్ ఎనిమిది పంపుతోంది,
అంటే ఎనిమిది బైట్లు వెనక్కట.
కెమెరా తీగలోంచి జారిపోయినవి
వెనక్కి ఎలా వస్తాయి?

టీకని కిందికి దిగాను.
ఖరీదుదారు ఒకాయన టిక్కీలో చెయ్యి పెట్టి
పిడికెడు కాయ లాగాడు. ఒకటి తుంచాడు, వాసన చూశాడు.
రంగు పోల్చుకుని, పక్క టిక్కీకి నడిచాడు.
వెనకే వచ్చిన హమాలీ మస్తాన్‌వలి
నేల మీది కాయల్ని ఏరి మళ్లీ సంచిలో వేశాడు.
"చూసినోళ్లు చూసి పారేసిపోతారు,
తిరిగి వెయ్యకపోతే కాటాలో తరుగొచ్చుద్ది.
తరుగెవడు కడతాడమ్మాయ్?"

టీ అక్కడే వదిలేసి మెట్లెక్కాను.
అదీ సంగతి. లైబ్రరీ ముందు ఎనిమిది బైట్లు తీసి
ఇది ఏ జాతి బొమ్మో పోల్చుకుంటోంది,
పోల్చుకున్నాక తిరిగి వెయ్యమంటోంది.
నేనేమో తొమ్మిదో బైటు నుంచి వడ్డిస్తున్నాను.
తల లేని బొమ్మని ఎవరు గుర్తుపడతారు?
వాకిట్లో ఒక చిన్న గంప పెట్టాను,
చూసిన పిడికెడు అందులో ఆగేట్టు.
ఏటిని వెనక్కి నడిపించలేను,
దోసెడు నీళ్లు దాచి పెట్టగలను.

బయటికి పంపే దారి ఇంకా తేలలేదు.
మొత్తం ఎంతో మొదటి వరసలోనే రాయమంటుంది,
బండి కాటా ఎక్కకముందే చీటీలో తూకం రాసినట్టు.
ప్రస్తుతానికి అక్కడ ఖాళీ వదిలాను.

సాయంత్రం ముచ్చికలు తీసే మరియరాణి
కొంగుతో మూతి తుడుచుకుంటూ అడిగింది,
"నీ పెట్టె ఇయ్యాళ దగ్గలేదేం?"
మింగగలిగినంతే అడిగి తీసుకుంటోంది, చెప్పాను.
ఆమె తన ముందున్న గుట్ట వైపు చూసింది,
మేస్త్రీ పొద్దున్నే ఒక్కసారిగా కుమ్మరించి పోయిన గుట్ట.
"మాకూ అట్టాంటి తలుపొకటి కొట్టకూడదూ" అని
మళ్లీ తుమ్మింది.